మీరు చేతులు, తల నేను

పోయిన వారం పేపరు జిల్లా పేజీలో, బాగా అడుగున, ఆయన ఫోటో కనిపించింది. మెడలో విజిలుతో ఉన్నాడు. చనిపోయిన మనిషి ఫోటో కావాలంటే ఇంట్లోవాళ్ళు ఏ పెళ్ళిలోనో తీసింది వెతికి ఇస్తారు. ఈయనకు విజిలు లేని ఫోటో దొరికినట్టు లేదు. కింద "క్రీడాలోకానికి తీరని లోటు" అని వేశారు. ఆ మాట రాసిన విలేకరి ఆయన చేతికింద ఒక్క సాయంత్రమైనా ఆడి ఉండడు. నేను ఆడాను.

"ఎవురు, తెలిసినాయనేనా?" అని మా ఆయన అడిగాడు.

"కాలేజీలో మాకు కోచ్‌గా ఉన్నాడు."

"అయ్యో పాపం."

నాకు పాపం అనిపించలేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, కాఫీ వేడిగా ఉండగానే తాగేశాను.

పేరు రాయను. ఆయనకు పిల్లలున్నారు, వాళ్ళు నన్నేమీ చేయలేదు. మేము ఆయన్ను సారు అనేవాళ్ళం. ఇక్కడా ఆ మాట చాలు.

డెబ్బైలు ముగుస్తున్న రోజులవి. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో చదువుతూ నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. ఇప్పటి పిల్లల్లో చాలామంది ఆ ఆటను చూసి కూడా ఉండరు. ఆరుబయట మట్టి కోర్టు, నడుమ వల, వైపుకు ఐదుగురు, పసుపుపచ్చటి ఉన్ని బంతి. బంతి తేలిక కాబట్టి గాలి చెప్పినట్టల్లా వినేది. సాయంత్రం కొండ మీదినుంచి గాలి దిగిందంటే మనం కొట్టింది ఒకచోటికి, అది పడేది ఇంకొకచోట. మొదటి సంవత్సరం మాకొక మేడం ఉండేది. ఆవిడ పెద్దగా నేర్పిందేమీ లేదు. వలకు ఆ పక్క నిలబడి మాతోపాటు ఆడేది, ఓడిపోతే నవ్వేది, గాలి ఎక్కువైతే "సాలు పదండి మే, బొరుగులు తిందాం" అనేది. పెళ్ళి చేసుకుని ఆవిడ వెళ్ళిపోయింది. మగపిల్లల కాలేజీ నుంచి సాయంత్రాలు వచ్చి మాకు నేర్పడానికి సారును పెట్టారు.

ఆ ఎర్రమట్టి గ్రౌండులో ఆయన బూట్లు మల్లెపూలలా ఉండేవి. ప్రాక్టీసుకు ముందు ఒక కాలు బెంచీ మీద పెట్టి రుమాలుతో బూటు తుడుచుకునేవాడు. తరువాత రెండో కాలు. అంతసేపూ మేము వరసలో నిలబడి చూస్తూ ఉండాలి. ఆట మొదలయ్యాక కూడా ఆ బూట్లు మాసేవి కావు, ఎందుకంటే ఆయన పరుగెత్తేవాడు కాదు. నిలబడ్డచోటి నుంచి సర్వీసు చేసి చూపించేవాడు, అంతే.

ఆ సర్వీసు మాత్రం అందంగా ఉండేది. ఒప్పుకోవాలి. బంతి వలను తాకీ తాకనట్టు దాటి, అవతల నేల మీద చచ్చినట్టు పడేది. దాన్ని చూపించుకోవడానికే ఆయన రోజూ వస్తున్నాడని మాకు తొందరగానే అర్థమైంది. ప్రాక్టీసులో ముక్కాలు భాగం ఆయన సర్వీసు చేసేవాడు, మేము బంతులు ఏరి తెచ్చి ఇచ్చేవాళ్ళం. "సూసినారా?" అనేవాడు. "చూసినాం సార్" అనేవాళ్ళం. మిగిలిన కాసేపట్లో మమ్మల్ని ఆడనిచ్చి, ఆ ఆటను విజిలుతో ముక్కలు ముక్కలు చేసేవాడు. బంతి అటూ ఇటూ హాయిగా నాలుగుసార్లు తిరిగిన పాపాన పోలేదు.

"మీరు చేతులు. తల నేను," అనేవాడు. "చేతులు ఆలోచన చేయకూడదు. మీకు దేవుడు తల ఇచ్చింది జడేసుకునేదానికి."

బాల్ బ్యాడ్మింటన్‌కు గడియారంతో పని లేదు. అయినా ఆయన చేతిలో ఎప్పుడూ ఒక స్టాప్‌వాచ్ ఉండేది. ఎందుకు సార్ అని మా కెప్టెన్ రంగనాయకి ఒకసారి అమాయకంగా అడిగింది. "నువ్వు ఎంతసేపు వాగుతావో సూసేదానికి" అని, ఆమె ముఖం ముందు బొత్తాం నొక్కి పట్టుకున్నాడు. రంగనాయకి వాళ్ళ నాన్నగారు గుడి కైంకర్యంలో ఉండేవారు. ఇంట్లో కూడా ఆ పిల్ల గొంతు పక్కగదిలోకి వినిపించేది కాదు. ఆ రోజు తరువాత గ్రౌండులో అసలే వినిపించకుండా పోయింది.

ప్రాక్టీసులో నీళ్ళు తాగనిచ్చేవాడు కాదు. కొళాయి పక్కనే ఉండేది. వంగామంటే విజిలు. "కడుపు బరువవుతాది. పరిగెత్తే గుర్రం నడిమధ్యలో నీళ్ళు తాగుతాదా?" అనేవాడు. ఆయనకు మాత్రం అటెండరు చెంబుతో మజ్జిగ తెచ్చేవాడు. దాన్ని మా ఎదుటే, మీసాలకు అంటకుండా ఎత్తి గటగట పోసుకునేవాడు. నెలసరి రోజుల్లో ఎవరైనా కడుపు నొప్పి సార్ అంటే ముఖం అటు తిప్పుకుని, "ఆ మాట నా గ్రౌండులో చెల్లదు" అని అందరితోపాటు పరుగెత్తించేవాడు. ఆయనకు ఇంట్లో ఆడపిల్లలే ఉన్నారని తెలిసినప్పుడు నాకు వాళ్ళ మీద జాలి కలిగింది.

గెలిచిన రోజు "గెలిచినాను" అనేవాడు. ఓడిన రోజు "ఓడినారు" అనేవాడు. గ్రూపు ఫోటోల్లో కప్పు ఆయన ఒళ్ళో ఉండేది, మేము ఆయన కాళ్ళ దగ్గర ఉండేవాళ్ళం.

ఇంతవరకు భరించదగినదే. ఇలాంటి మనుషులు మాకు లెక్కల క్లాసులోనూ ఉండేవాళ్ళు. నేను ఆయన్ను క్షమించలేనిది మునిలక్ష్మి విషయంలో.

మునిలక్ష్మిది కార్వేటినగరం దగ్గర పల్లె. చెరకు పండించే ఇల్లు. హాస్టల్లో ఉండి చదివేది. పొట్టిగా, గట్టిగా ఉండేది. నడుస్తుంటే ఇంత సోమరి పిల్ల ఉంటుందా అనిపించేది కానీ, బంతి లేచిందంటే అది దిగే చోట ఆమె ముందే ఉండేది. ఆమెది ఎడమచేతి వాటం. కోర్టులో ఎడమ గీత పక్కన నిలబెడితే ఆ మూలకు వచ్చిన బంతి దాటిపోవడమనేదే లేదు. కుడిచేతివాళ్ళం ఆ బంతి కోసం ఒళ్ళంతా తిప్పుకోవాలి. ఆమె ఊరికే చేయి చాపేది.

ఆమెకు డ్రిల్లు టీచరు కావాలని కోరిక. ఆ శిక్షణకు సీటు రావాలంటే యూనివర్సిటీ టీముకు ఆడి ఉండటం పెద్ద ఆసరా. "డిగ్రీ అయినాక ఉద్యోగానికి దారి ఉంటే సరే, లేకుంటే మీ మామ కొడుకు కాసుకోని ఉండాడు" అని వాళ్ళ నాయన చెప్పి పంపాడట. యూనివర్సిటీ టీమును ఎంచేవాళ్ళలో సారు ఒకడు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు.

మొదటిరోజు ఆమె బంతి కొట్టడం చూసి సారు విజిలు వేశాడు.

"ఏమ్మే, కొండ మీద ప్రసాదం ఏ చేత్తో తీసుకుంటావు?"

"కుడిచేత్తో సార్."

"అన్నం?"

"కుడిచేత్తోనే సార్."

"మరి నా ఆట ఏం పాపం చేసింది?"

అందరం నవ్వాం. మునిలక్ష్మి కూడా నవ్వింది. తమాషాకు అన్నాడనుకున్నాం. మర్నాడు క్లాసు నుంచి నల్లబల్ల మోయించుకొచ్చి, దాని మీద ఐదు గుండ్రాలు చుట్టి, బాణాలు గీసి, తన ప్లాను చెప్పాడు. ఎవరు ఎటు కదలాలో అంతా కుడిచేతివాళ్ళకు సరిపోయేలా ఉంది.

"దీంట్లో ఎడమచేతికి చోటు లేదు. నీ కోసరం నేను ప్లాను మార్చల్లా, ప్లాను కోసరం నువ్వు మారతావా?"

మునిలక్ష్మి బ్యాటు కుడిచేతిలోకి తీసుకుంది. అయినా మొదటి బంతి రాగానే ఆమె చేయి తనంతట తాను బ్యాటు మార్చుకుంది. సారు వచ్చి ఆమె జడ రిబ్బను విప్పించాడు. దాంతో ఆమె ఎడమచేతిని నడుముకు కట్టమని రంగనాయకికి చెప్పాడు. రంగనాయకి వదులుగా కట్టింది. ఆయన లాగి చూసి, ముడి విప్పి, తనే బిగించి కట్టాడు. అలా ఎన్నో సాయంత్రాలు ఆ పిల్ల జడ ఊడిపోతూ, ఒంటిచేత్తో, వచ్చిన బంతినల్లా వదిలేస్తూ ఆ గీత పక్కన నిలబడింది. పరుగెత్తితే తూలేది. ఒకసారి ముందుకు పడి గడ్డం చీరుకుపోయింది, ఆనుకోవడానికి చేయి లేదు కదా. "మట్టితో రుద్దుకో" అన్నాడు.

నేను ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "సార్, ఎడమచేతి ఆట అవతలోళ్ళకు కష్టం కదా? మనకు మంచిదే కదా?"

"నువ్వు టీములో ఎవురు?"

"ఎక్‌స్ట్రా సార్."

"ఎక్‌స్ట్రా దానివి ఎక్‌స్ట్రాగానే ఉండు." తరువాత గొంతు తగ్గించి, ఏదో వరం ఇస్తున్నట్టు, "దానికి కుడిచెయ్యి కుదరకుంటే నీకే చాన్సు. నోరు మూసుకోని ఉండు" అన్నాడు. ఆయన మనసులో ఆటగాళ్ళంటే అంతే. ఒకదాన్ని వంచాలి, వంగకుంటే ఇంకొకదాన్ని తేవాలి.

ప్రాక్టీసు అయ్యాక కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ మునిలక్ష్మి కుడి భుజం పట్టుకుని నొక్కుకునేది.

"బంతి నాకు లేటుగా వస్తాండాది మే," అంది ఒకసారి. "కుడిచేత్తో పట్టుకుంటే బ్యాటు ఇంకెవురిదో అడిగి తెచ్చుకున్నట్టు ఉండాది."

"సారుకు చెప్పకూడదా?"

"సెప్పినాను. బంతి లేటుగా రాదు, నువ్వే లేటుగా పోతాండావు అన్నాడు."

"మానేసి పోరాదూ?"

"పోతే మామ కొడుకే ఇంగ," అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ ఏడు కాలేజీల పోటీలు చిత్తూరులో జరిగాయి. ఆరుగురం బస్సెక్కాం, ఆరోదాన్ని నేను. ఫైనల్లో మాకు మదనపల్లె అమ్మాయిలు ఎదురయ్యారు. ఎండ ఇంకా దిగలేదు. సున్నం గీతలు కళ్ళలో పొడుస్తున్నాయి. కోర్టు చుట్టూ జనం, ప్రహరీ గోడ మీద కుర్రాళ్ళు. అంపైరు కాట్పాడి నుంచి వచ్చిన పెద్దాయన. తెలుగు మాట్లాడితే అరవం వాసన వేసేది.

మదనపల్లెవాళ్ళు తెలివైనవాళ్ళు. మునిలక్ష్మి కుడిచేతి ఆట ఎంతటిదో కాసేపట్లోనే కనిపెట్టి, ప్రతి బంతినీ ఆమె మీదికే పంపారు. మొదటి గేము పోయింది. రెండోది కూడా పోయే దారిలోనే ఉంది. సారు బయట కుర్చీలో కూర్చుని "కుడి! కుడి!" అని అరుస్తున్నాడు.

అప్పుడు మునిలక్ష్మి అరచేయి పావడాకు తుడుచుకుంది. బ్యాటు ఎడమచేతిలోకి మార్చుకుంది. అవతలివాళ్ళు అలవాటుగా ఎడమ మూలకు కొట్టారు. ఊరికే చేయి చాపింది. బంతి తిరిగివెళ్ళి వాళ్ళ వెనక గీత మీద పడింది. రంగనాయకి వెనక్కి తిరిగి ఒక్కసారి చూసి, కుడివైపుకు జరిగింది. ఎడమ పక్కంతా ఆమెకు వదిలేసింది.

ఆ తరువాత ఆ ఐదుగురూ ఆడిన ఆట నేను అంతకుముందు చూడలేదు. బంతి వస్తోంది, పోతోంది, ఎవరూ ఆపడం లేదు. మా మేడం ఉన్నప్పటిలాగా ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. రెండో గేము మాది. గోడ మీద కుర్రాళ్ళు "లెఫ్టు! లెఫ్టు!" అని కేకలు పెడుతున్నారు.

సారు విజిలు ఊదాడు.

"సార్," అన్నాడు అంపైరు, "ఇక్కడ విజిలు నాది మాత్రమే."

మూడో గేములో మేము ముందున్నాం. సారు లేచి నా దగ్గరికి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. "లే. దాన్ని దింపుతాండాను. నువ్వు పో."

రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. కోర్టు వైపు చూశాను. మునిలక్ష్మి మా వైపే చూస్తోంది.

"నాకు కాలు బెణికింది సార్," అన్నాను.

"కూర్చోనుండేదానికి కాలు ఎట్ల బెణుకుతాది?"

"కూర్చోని కూర్చోనే సార్."

కొట్టేవాడే, జనం చూస్తున్నారు కాబట్టి ఆగాడు. నేరుగా అంపైరు దగ్గరికి పోయి, "మా టీము తప్పుకుంటాండాది. మ్యాచి వాళ్ళకు ఇచ్చేయండి" అన్నాడు.

పెద్దాయనకు అర్థం కాలేదు. "గెలుస్తా ఉండారే సార్ మీవాళ్ళు!"

"గెలిసేది ముఖ్యం కాదు. నా మాట ముఖ్యం. ఎడమచేత్తో ఆడొద్దంటే ఆడింది అది."

"రూల్లో ఎడమచెయ్యి తప్పని లేదు సార్. మీరు బయట కూర్చునేవాళ్ళు. తప్పుకునేది ఉంటే కెప్టెన్ నాకు చెప్పాల." కోర్టు వైపు తిరిగి గట్టిగా అడిగాడు. "ఎవరమ్మా కెప్టెన్?"

రంగనాయకి క్లాసులో లాగా చేయి ఎత్తింది.

"ఆడతారా, పోతారా?"

ఆమె సారు వైపు చూసింది. ఆయన వేలు చూపిస్తూ నిలబడ్డాడు. ఆయన వైపు నుంచి తల తిప్పుకుని మునిలక్ష్మిని అడిగింది. "మునీ, నీకు ఆడాలని ఉండాదా?"

సారు వచ్చాక మాలో ఎవరినైనా ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"ఉండాది," అంది మునిలక్ష్మి.

"ఆడతాం సార్," అంది రంగనాయకి. జనమంతా వినేటంత గట్టిగా అంది.

ఆడారు, గెలిచారు. చివరి బంతి పడ్డాక ఐదుగురూ ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తుంటే, బెణికిన కాలుతో నేనూ పరుగెత్తి వాళ్ళ మీద పడ్డాను. సారు కనిపించలేదు. ఎటో పోయాడనుకున్నాం. కప్పు ఇచ్చే సమయానికి ఎక్కడినుంచో బూట్లు దులుపుకుంటూ వచ్చి, వేదిక ఎక్కి, కప్పు తనే అందుకున్నాడు. మైకులో మాట్లాడాడు కూడా. "మొదట కుడిచేత్తో ఆడించి, తర్వాత ఎడమచేత్తో ఆడించి ఎదుటివాళ్ళను తికమక పెట్టాలనేది నా ఎత్తుగడ" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అబద్ధం చెప్పేవాళ్ళను నేను చాలామందిని చూశాను కానీ, ఎవరి నోట్లో అన్నం లాక్కున్నాడో వాళ్ళ ఎదుటే నిలబడి త్రేన్చినవాణ్ణి ఆయన్నొక్కడినే చూశాను.

నెల తిరక్కుండా యూనివర్సిటీ టీము ప్రకటించారు. రంగనాయకి ఉంది, ఇంకొకమ్మాయి ఉంది. మునిలక్ష్మి లేదు. ఎంపిక గదిలో సారు "ఆ పిల్లకు క్రమశిక్షణ లేదు" అన్నాడని మా లెక్చరరు ఒకావిడ చెప్పింది. మైకులో ఎత్తుగడ అయింది, గదిలోకి పోయేసరికి క్రమశిక్షణ లేకపోవడం అయింది.

మునిలక్ష్మి ఆయన దగ్గరికి పోయింది. వద్దన్నా వినలేదు. ఆయన బెంచీ మీద కాలు పెట్టి బూటు తుడుచుకుంటున్నాడు.

"సార్, నా పేరు లేదు."

తల ఎత్తలేదు. "నీకు ఎడమచెయ్యి ఉండాది గదా. దాంతో బతుకు పో."

ఆమె ఏడవలేదు. మా దగ్గరికి వచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ మర్నాటి నుంచి గ్రౌండుకు రాలేదు. రంగనాయకి యూనివర్సిటీ టీముకు ఆడటానికి పోలేదు. ఇంట్లో ఒప్పుకోలేదని చెప్పింది కానీ, ఇంట్లో అడిగి ఉంటుందని నేననుకోను.

డిగ్రీ అయ్యాక మునిలక్ష్మి మామ కొడుకునే చేసుకుంది. మేమందరం ఆమె కథ అంతటితో ముగిసిందనుకున్నాం. ఆ అబ్బాయి మంచివాడు. పెళ్ళయిన కొన్నేళ్ళకు, పిల్లను తన తల్లి దగ్గర పెట్టి, భార్యను డ్రిల్లు శిక్షణకు తనే తీసుకుపోయి చేర్పించాడట. పుత్తూరు వైపు ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఉత్తరాల్లో ఎప్పుడూ తన స్కూలు పిల్లల గురించే రాసేది, సారు ఊసు ఎత్తేది కాదు.

ఎనభైల చివర్లో తిరుపతిలో స్కూలు పిల్లల పోటీలు జరుగుతుంటే చూడటానికి పోయాను. మునిలక్ష్మి టీము వస్తోందని తెలిసే పోయాను. ముందు వరసలో పెద్దమనుషుల కోసం వేసిన కుర్చీల్లో సారు కూర్చుని ఉన్నాడు. రిటైరయ్యాడు. జుట్టు పూర్తిగా నెరిసింది, బూట్లు మాత్రం అప్పటిలాగే ఉన్నాయి. ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉంటే కావాలనే పోయి కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టలేదు. ఎక్‌స్ట్రా దాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు!

మునిలక్ష్మి పిల్లలు గేము పోగొట్టుకుని కోర్టు పక్కకు వచ్చారు. ఆమె కొంచెం లావైంది. పిల్లలకు ముందు చెంబుతో నీళ్ళు ఇచ్చింది. తరువాత వాళ్ళ మధ్య గొంతుక్కూర్చుంది. మాకు అన్నీ వినిపిస్తున్నాయి.

"ఏం మే, యాడ ఇబ్బందిగా ఉండాది?"

"వెనక నాకు కుదర్లేదు టీచర్. గాలికి బంతి అందడం లే," అంది సన్నటి పిల్ల ఒకతి.

"ఏం చేద్దామంటావు?"

"ముందుకు పోతాను. వెనక్కి సరస్వతిని రమ్మనండి."

"సరస్వతీ, నువ్వేమంటావు?"

"సరే టీచర్."

"అయితే అట్లనే ఆడండి."

సారు కుర్చీలో ఇటూ అటూ కదిలాడు. కాసేపు ఓర్చుకుని నా వైపు తిరిగాడు.

"ఎవురమ్మా ఆమె? ఆట నడిమధ్యలో పిల్లోళ్ళను అడిగి టీము మారుస్తాండాది!"

"వాళ్ళ టీచరు సార్."

"టీచరు చేసే పనేనా అది? పిల్లోళ్ళకు ఏం తెలుస్తాది? ఈమెకు ఎవురు నేర్పినారు ఆట?"

"మీ టీములోనే ఆడింది సార్."

ఆయన కళ్ళు చికిలించి ఆమెను చాలాసేపు చూశాడు. కోర్టులో సన్నటి పిల్ల వల దగ్గరికి ఉరికి, కిందికి జారిపోతున్న బంతిని లేపి అవతలికి వేసింది. పాయింటు వచ్చింది. పిల్లలు కేరింతలు కొట్టారు. సారు తల అడ్డంగా ఊపాడు.

"నా టీములోనా? కానే కాదు. నా దగ్గర ఇట్లాంటోళ్ళు ఎవురూ తయారు కాలేదు."

ఆయన నోట నేను విన్న నిజం అదొక్కటే.

"నిజమే సార్," అన్నాను. అని, లేచి వెళ్ళి మునిలక్ష్మి పక్కన నేల మీద కూర్చున్నాను.